భుక్తాయాసం – కడుపునకూ ఊపిరికీ నడుమ నడిచిన ఒక పాతకథ



పెండ్లి భోజనం ముగించి, ఆకు మడిచి, చేయి కడుక్కొని, ఏ స్తంభానికో ఆనుకొని కూర్చున్న పెద్దమనిషిని "ఏమండీ, అలసినట్లున్నారే" అని పలకరిస్తే వచ్చే జవాబు మనందరికీ తెలిసినదే. "ఏమీ లేదు, భుక్తాయాసం!" భుక్తం అంటే తిన్నది. ఆయాసం అంటే సంస్కృతంలో శ్రమ, అలసట. తెలుగులో మాత్రం అది ఊపిరి అందని స్థితికి పేరైంది. ఈ రెండింటినీ సంధి చేసి ఒక్క పదంగా వాడుకొన్నారు మన పూర్వులు. తినడానికీ ఊపిరి బిగియడానికీ సంబంధం ఉన్నదని వేరే చెప్పనక్కరలేకుండా ఆ పదమే చెబుతుంది.

ఇలాంటిదే మరొక మాట, పొలమారడం. మెతుకో నీటిచుక్కో ఆహారవాహికలోకి పోవలసినది దారితప్పి వాయునాళం మొగదల తగిలితే ఉక్కిరిబిక్కిరై దగ్గుతాము. ఇంట్లో పెద్దవాళ్లు నడినెత్తిన తట్టి "ఎవరో తలుచుకొంటున్నారు" అంటారు. పైనుంచి లోనికి పోయేది దారి తప్పితే పొలమారడం. లోపలనుంచి పైకి వచ్చేది, అందునా పులుసుగా మంటగా వచ్చేది, దారి తప్పితే దానికి మనకు ప్రత్యేకమైన పేరు లేదు. అది నిద్రలో జరుగుతుంది కనుక నెత్తిన తట్టేవారూ ఉండరు. కడుపులోని ఆమ్లం గొంతుదాకా వచ్చి దగ్గునూ ఆయాసాన్నీ తెచ్చిపెడుతుందా అన్న ప్రశ్నకు రెండువేల యేండ్ల చరిత్ర ఉన్నది. ఈ టపాలో దానిని నాకు తెలిసినంతలో చెప్పబోతున్నాను. నేను వైద్యుణ్ణి కాను, తెలుగు పండితుణ్ణి. కనుక మందుల కంటె మాటల మీదనే నా దృష్టి ఎక్కువ నిలుస్తుంది. మన్నించాలి.

చరకసంహిత చికిత్సాస్థానం పదునేడవ అధ్యాయం ఎక్కిళ్లకూ శ్వాసరోగాలకూ కేటాయించినది. ఎక్కిళ్లనూ ఉబ్బసాన్నీ ఒకే గాటన కట్టడం ఈనాటి చదువరికి వింతగా తోచవచ్చు. అక్కడ చరకుడు చెప్పినది ఇది: ఈ రెండు వ్యాధులూ కఫవాతాల స్వభావం కలవి, కాని పుట్టేది మాత్రం పిత్తస్థానంలో. పదకొండవ శతాబ్ది వ్యాఖ్యాత చక్రపాణిదత్తుడు ఈ పిత్తస్థానాన్ని ఆమాశయంగా వివరించినాడు. అంటే జీర్ణాశయం. వాగ్భటుడు అష్టాంగహృదయం నిదానస్థానంలో వ్యాఖ్యాతకు పని పెట్టలేదు. శ్వాస ఆమాశయంలో పుట్టేదని తానే స్పష్టంగా అన్నాడు. రోగం కనబడేది రొమ్ములో, వేరు కడుపులో. చికిత్సలోనూ ఈ తర్కమే నడుస్తుంది. తమకశ్వాసకు, అనగా నేడు మనం ఉబ్బసం అనుకొనే దానికి, చరకుడు విరేచనం విధించినాడు. ఊపిరి అందనివానికి కడుపు కడిగే మందు!

ఆ అధ్యాయంలోని రోగి వర్ణన చదివితే ఆయన ఎందరి పడకల పక్కన కూర్చున్నాడో అనిపిస్తుంది. పడుకొంటే ఊపిరాడదు, లేచి కూర్చుంటే హాయి. మబ్బు పట్టినా, తూర్పుగాలి వీచినా ఎక్కువవుతుంది. కారణాల పట్టికలో దుమ్ము, పొగ, చలిగాలి, చన్నీళ్లు, ఎక్కువ నడక, రూక్షమైన తిండి, వేళ తప్పిన భోజనం ఉన్నాయి. శనక్కాయ కట్టె కొట్టే రోజులలో మా కొత్తచెరువు కళ్లాల దగ్గర నిలబడి ఆ పట్టిక చదివితే, దుమ్ము మొదలుకొని వేళ తప్పిన భోజనం దాకా ఒకటొకటిగా కంటికి కనబడతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయడం నా విధి. "చూసినారా, పాశ్చాత్యులు నిన్నమొన్న కనుగొన్నది మనవాళ్లు ఎన్నడో చెప్పినారు" అని చంకలు గుద్దుకోవడం అంతర్జాలంలో ఒక అలవాటుగా మారింది. చరకుని పిత్తం జీర్ణాశయంలోని ఆమ్లమూ కాదు, పిత్తస్థానమనే మాట ఆహారవాహిక అడుగున ఉండే సంవరణి సడలడాన్ని గురించినదీ కాదు. ఆయన లెక్కలో ప్రతి శ్వాసరోగమూ అక్కడే పుడుతుంది, ఈనాటి లెక్కలో కొందరికి మాత్రమే ఆ సంబంధం ఉంటుంది. ఊపిరి రోగిని చూసేటప్పుడు కడుపు వైపు తిరిగి చూడాలన్న దిశానిర్దేశం ఆయనది. అది గొప్పదే. అంతకు మించి ఆయన నోట పలికించడం ఆయనకే అన్యాయం.

ఇక పులితేన్పుల సంగతి. కడుపులో పులిసినది పైకెగదన్నే వ్యాధికి శాస్త్రంలో అమ్లపిత్తమని పేరు. దానిని ప్రత్యేక వ్యాధిగా విస్తరించి చెప్పినది కాశ్యపసంహిత. ఆ గ్రంథం చాలా కాలం లోకానికి అందుబాటులో లేదు. నేపాళంలో దొరికిన ప్రతిని ఆధారం చేసుకొని పండిత హేమరాజశర్మ పరిష్కరించగా 1938లో బొంబాయిలో అచ్చయింది. అందులో నన్ను కట్టిపడేసిన మాట ఒకటున్నది. అమ్లపిత్తం ప్రాయికంగా అనూపదేశంలో, అనగా నీరు నిలిచే తేమసీమలో, పుడుతుందట. జాంగలదేశపు ఔషధాలతో దానిని శమింపజేయాలట. అప్పటికీ లొంగకపోతే రోగి ఆ దేశం విడిచి వేరొక చోటికి పోవాలట. జాంగలమంటే వానలు తక్కువై, చెట్లు పలచనై, గాలి పొడిగా ఉండే నేల. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన పడితే సంబరపడే మా అనంతపురం పీఠభూమికి అంతకంటె తగిన లక్షణం దొరకదు. 2022లో మా మండలం శ్రీసత్యసాయి జిల్లాలోకి మారింది గాని వాన మారలేదు. కాశ్యపుని లెక్కన కోనసీమవాడు గుండెమంటకు మా ఊరు వచ్చి ఉండవలసినది. మా ఊళ్లోనే మందుల అంగడిలో అందరికంటె ముందు అడిగేది 'గ్యాస్ బిళ్ల' అన్న సంగతి ఆయనకు ఎవరు చెప్పాలి!

కాశ్యపసంహిత కనబడని రోజులలో దేశమంతటా వైద్యులకు నిదానంలో దిక్కు మాధవనిదానమే. ఏడెనిమిది శతాబ్దుల నాటి ఈ గ్రంథంలో హిక్కాశ్వాసలది 12వ అధ్యాయం, అమ్లపిత్తానిది 51వ అధ్యాయం. అమ్లపిత్తపు సామాన్య లక్షణాలలో చేదు పులుపు తేన్పులున్నాయి, గుండెలోనూ గొంతులోనూ మంట ఉన్నది, అరుచి ఉన్నది. ఆయాసం లేదు. విషయాన్ని వర్గీకరించి పాఠంగా చెప్పుకొనేందుకు ఏర్పరచిన క్రమం అది. బడిలో పాఠం చెప్పినవాణ్ణి కనుక ఆ సౌకర్యం నాకు తెలుసు. కాని చరకుడు కలిపిన ముడి ఆ 39 అధ్యాయాల ఎడంలో వదులయిందని నా అభిప్రాయం. తెలుగునాట సంస్కృత శ్లోకం పక్కన తెలుగు వివరణతో వైద్యుల చేతిలో నిలిచిన బసవరాజీయం వంటి గ్రంథాలు వచ్చిన తరువాత కూడా రోగాల వరుస వరుసగానే ఉండిపోయింది.

ప్రజల నోట మాత్రం మాటలు చాలా ఉండేవి. అజీర్తి, ఆమం, పులితేన్పు, కడుపుబ్బరం, గుండెమంట, పైత్యం. ఒక్కొక్క మాట ఒక్కొక్క బాధను చూపేది. ఇప్పుడన్నింటినీ మింగి 'గ్యాస్‌ట్రబుల్' ఒక్కటే కూర్చున్నది. పైత్యం సంగతి మరీ దారుణం, అది పిచ్చికి పర్యాయపదమైపోయింది. రోగి తన బాధను తేడా తెలిసేటట్లు చెప్పలేకపోతే వైద్యుడు సగం దారిలోనే ఆగిపోతాడు.

పడమటి దేశాలలోనూ ఈ ఊహ కొత్తది కాదు. పన్నెండవ శతాబ్ది చివర కైరోలో ఉండిన యూదు వైద్యుడు మైమోనిడీస్ ఉబ్బసం మీద ఒక గ్రంథమే రాసి, అందులో అధికభాగం తిండి నియమాలకు ఇచ్చినాడు. విలియం ఆస్లర్ 1892లో తొలిసారి వెలువరించిన వైద్య పాఠ్యగ్రంథం ఇంగ్లీషు చదువుకొన్న వైద్యులందరికీ బాలశిక్ష వంటిది. ఉబ్బసరోగులు పెద్ద భోజనం మధ్యాహ్నమే చేయాలనీ, రాత్రి కడుపు నింపితే ఆయాసం వస్తుందనీ అందులో ఉంది. కడుపు నుండి నాడుల ద్వారా ఊపిరి గొట్టాలకు ప్రేరణ పోతుందని ఆయన ఊహ.

ఆ ఊహ ఎందుకు మరుగున పడినట్లు? నా మటుకు నాకు తోచే కారణం క్షయ. ఇరవయ్యవ శతాబ్ది తొలి సగంలో దగ్గు అనగానే వైద్యునికైనా రోగికైనా గుర్తుకు వచ్చేది ఒక్కటే. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో వెలసిన క్షయ ఆరోగ్యాలయం మా రాయలసీమకు ఎంత దిక్కో పాతతరం వారికి తెలుసు. అక్కడి డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్-మోలర్, తన సహచరుడు బార్టన్‌తో కలిసి 1940లో ఒక విచిత్రాన్ని ప్రకటించినాడు. క్షయ అని పంపబడిన కొందరిలో క్షయ లేదు. దగ్గుంది, ఆయాసముంది, ఎక్స్‌రేలో మచ్చలున్నాయి, నెత్తుటిలో ఇయొసినోఫిల్ కణాలు మితిమీరి ఉన్నాయి. తరువాత దీనికి ఉష్ణమండల ఇయొసినోఫీలియా అని పేరు వచ్చింది. మూలం ఊపిరితిత్తిలో కాదు, బోదకాలు జాతి పురుగుల మీద దేహం చేసే తిరుగుబాటులో అని తేలింది. రాత్రిళ్లు రేగే ఆ దగ్గును ఉబ్బసమని భ్రమపడినవారూ ఎందరో. దానికి పనికివచ్చిన మందు డైఇథైల్‌కార్బమజీన్. అది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సాధించి 1947లో వెల్లడించినది. రోగాన్ని గుర్తించినది మదనపల్లెలో, మందు వెనుక ఉన్నది భీమవరం బిడ్డ! ఆమ్లానికీ దీనికీ నేరుగా చుట్టరికం లేదు. అయినా ఇక్కడ చెప్పడానికి కారణమున్నది. దగ్గిన ప్రతివాడూ క్షయరోగి కాడనీ, ఆయాసపు వేరు ఊపిరితిత్తి వెలుపల కూడా ఉండవచ్చుననీ మా సీమ గడ్డ మీదనే రుజువైన సందర్భమది.

ఆమ్లం సంగతికి వస్తే, పైకెగదన్నే జఠరరసం ఆహారవాహికను పుండు చేస్తుందని న్యూయార్కులో వింకెల్‌స్టైన్ 1935లో ప్రత్యేక వ్యాధిగా చెప్పినాడు. ఊపిరితో ముడి పడినది మాత్రం పురిటిగదిలో. కర్టిస్ మెండెల్సన్ అనే ప్రసూతి వైద్యుడు 1946లో ప్రచురించిన వ్యాసం ఈ కథకు నడిమి స్తంభం. 1932 నుంచి 1945 దాకా న్యూయార్కులోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో 44,016 కాన్పుల లెక్కలు తీసినాడు. మత్తుమందు మూర్ఛలో ఉండగా కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి జారిన సందర్భాలు 66. గట్టి మెతుకులు అడ్డుపడి ప్రాణం పోయినవారు ఇద్దరు. అది ఊహించదగినదే. వింత ఏమిటంటే, ద్రవం మాత్రమే జారినవారిలో కొన్ని గంటలకు అచ్చం ఉబ్బసం వంటి పిల్లికూతలూ, నీలిరంగు తిరగడమూ కనబడినాయి. ఆయన అక్కడితో ఆగక కుందేళ్ల మీద పరీక్షించినాడు. ఆమ్లం గల జఠరరసం ఊపిరితిత్తిలో పోస్తే అదే ఆయాసం వచ్చింది. ఆమ్లాన్ని విరిచి పోస్తే ఆ లక్షణం రాలేదు. అంటే దోషం తడిలో లేదు, పులుపులో ఉన్నది. "ఆపరేషనుకు ముందు గుక్కెడు నీళ్లు కూడా తాగవద్దు" అని నర్సమ్మ గద్దించే మాట వెనుక బలంగా నిలిచినది ఈ వ్యాసమే.

మెండెల్సన్ చూసినది ఒక్కసారిగా వచ్చిపడే ఉపద్రవం. రోజూ రాత్రి చుక్క చుక్కగా జరిగితే? గుండెమంట కూడా లేకుండా, చడీచప్పుడు లేకుండా జరిగితే? 1962లో కెన్నెడీ అనే వైద్యుడు ఈ నిశ్శబ్దపు ఎగదన్నును ఊపిరితిత్తుల ఉపద్రవాలకు అంతగా తెలియని కారణంగా చెప్పినాడు. 1974లో జాన్సన్, డిమీస్టర్ అనే ఇద్దరు ముక్కుగుండా సన్నని తీగ దించి ఇరవైనాలుగు గంటలూ ఆహారవాహికలోని పులుపును కొలిచే పద్ధతిని స్థిరపరచినారు. దానితో ఊహ కొలతగా మారింది. 1978లో మాన్స్‌ఫీల్డ్, స్టైన్ ఉబ్బసరోగుల ఆహారవాహికలోకి ఆమ్లం పంపి చూసినారు. ఊపిరితిత్తిలోకి చుక్క జారకున్నా గొట్టాలు బిగిసినాయి. వేగస్ నాడి చేసే పని అది. గర్భంలో శిశువు రూపుదిద్దుకొనేటప్పుడు వాయునాళమూ ఆహారవాహికా ఒకే గొట్టం నుంచి చీలిన అన్నదమ్ములు. వేరు కాపురాలు పెట్టినా నాడి ఉమ్మడిదే. ఒకరికి మంట పుడితే మరొకరు ముడుచుకొంటారు. ఆస్లర్ ఊహించినదీ దాదాపు ఇదే.

ఈ బంధం రెండువైపులా లాగుతుంది. ఉబ్బసంలో ఊపిరికై పెనుగులాడేటప్పుడు రొమ్ములో పీడనం తగ్గుతుంది, పొట్టలో పెరుగుతుంది, విభాజక పటలం కిందికి దిగి చదునవుతుంది. అన్నీ కలిసి ఆమ్లాన్ని పైకి పిలుస్తాయి. చివరికి మందు కూడా. థియోఫిలిన్ గొట్టాలను సడలిస్తుంది. పనిలోపనిగా ఆహారవాహిక సంవరణిని కూడా సడలిస్తుంది. పల్లెల్లో ఆయాసానికి పెట్టింది పేరైన డెరిఫిలిన్ బిళ్లలో ఉన్నది ఆ థియోఫిలినే. విత్తు ముందా చెట్టు ముందా అన్నది ఇక్కడ తెమిలే వ్యవహారం కాదు.

మా ప్రాంతపు బ్రతుకుతెరువు దీనికి తోడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి, తిన్న కడుపును మడుచుకొని ముందుకు వంగి నేసే పని ధర్మవరం నుంచి మా దాకా ఉన్నది. వ్యవసాయానికి రాత్రిపూట కరెంటిచ్చిన కాలంలో రైతు పది గంటలకు సంగటి ముద్ద, ఊరిబిండి తిని, మోటారు దగ్గర గట్టు మీదనే వాలేవాడు. కడుపుబ్బరానికి గోళీసోడా తాగి ఒక తేన్పు తేన్చితే హాయి అనుకొంటాము. ఆ తేన్పుకు తెరుచుకొన్న తలుపు గుండానే పులుపూ వస్తుంది.

ఆమ్లాన్ని అణచే మందులలో సిమెటిడిన్ 1976లో ఇంగ్లండులో విపణిలోకి వచ్చింది. దాని రూపకర్త జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమానం వచ్చింది. మరింత బలమైన ఒమెప్రజోల్ ఆ సంవత్సరమే స్వీడనులో వెలువడింది. ఇక లోకమంతా ఒకటే ఆశ. ఉబ్బసరోగుల్లో చాలామందికి నిశ్శబ్దపు ఎగదన్ను ఉన్నది కనుక అందరికీ ఈ బిళ్లలిస్తే ఆయాసం తగ్గుతుందని. బాగా అదుపులో లేని ఉబ్బసం ఉండి, గుండెమంట అంతగా లేని 412 మందిని రెండు వర్గాలు చేసి అమెరికాలో ఒక పెద్ద పరీక్ష జరిపి 2009లో ఫలితం ప్రకటించినారు. ఒక వర్గానికి ఎసోమెప్రజోల్ రోజుకు రెండు పూటలా 24 వారాలు, మరొక వర్గానికి ఉత్త బిళ్ల. తీగ దించి కొలిస్తే పదిమందిలో నలుగురికి ఎగదన్ను ఉన్న మాట నిజమే. కాని ఆయాసం విషయంలో రెండు వర్గాల మధ్య తేడా లేదు! 2012లో 306 మంది పిల్లల మీద లాన్సోప్రజోల్‌తో చేసిన పరీక్షలోనూ అంతే. పైపెచ్చు మందు పుచ్చుకొన్న పిల్లలకు జలుబులూ గొంతునొప్పులూ ఎక్కువైనాయి.

అంటే రెండువేల యేండ్ల మాట అబద్ధమా? కాదు. పులుపు విరిచినంత మాత్రాన ఎగదన్ను ఆగదు, ద్రవం పైకి వస్తూనే ఉంటుంది అన్నది ఒక వివరణ. ఇద్దరు ఒకే ఇంట్లో కనబడినంత మాత్రాన ఒకరు మరొకరికి కారణం కానక్కరలేదన్నది మరొకటి. గుండెమంట, పులితేన్పు స్పష్టంగా ఉన్న ఉబ్బసరోగికి దానికి తగిన వైద్యం చేయాలి, లేనివారికి ఊరకే ఇవ్వకూడదు. ఇప్పటి అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాల సారాంశం ఇది. పడకకు మూడు గంటల ముందే భోజనం ముగించడం, మంచానికి తలవైపు ఎత్తు పెట్టడం, ఎడమవైపు తిరిగి పడుకోవడం ఎగదన్నును తగ్గిస్తాయి.

ఈ తేడా కాగితం మీద చిన్నది. మనిషి మీద ఎంత పెద్దదో మా బావగారి విషయంలో చూసినాను. ఆయన నేతపని చేసేవారు. చాలా ఏండ్లుగా ఉబ్బసం. రాత్రి రెండు గంటలకు దగ్గుతో లేచి కూర్చొనేవారు. క్షయ లేదని కఫం పరీక్షలు రెండుసార్లు చెప్పినాయి. పులితేన్పుల సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చివరకు ఒక డాక్టరు అడిగి, రాత్రి భోజనం ఏడు గంటలకు మార్పించి, మంచం తలకోళ్ల కింద ఇటుకలు పెట్టించి, పరగడుపున వేసుకొనే బిళ్ల రాసినాడు. నెలకు రాత్రి దగ్గు సగానికి పైగా తగ్గింది. అక్కడ వచ్చింది ముప్పు. "నాది ఉబ్బసం కాదురా, ఉత్త గ్యాసే!" అని ఆయన సంతోషంతో ఇన్‌హేలర్‌ను అటక మీద పారేసినారు. చుట్టాలు కూడా "పీల్చేది అలవాటైతే వదలదు, మంచిపని చేసినావు" అన్నారు. ఆ పుష్యమాసపు చలిలో ఒక తెల్లవారుజామున గోళ్లు నీలిరంగుకు తిరిగితే ఆటోలో వేసుకొని పోయినాము. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చీటీలో రెండే వరుసలు రాసినాడు. మొదటిది ఇన్‌హేలర్, ఉదయం సాయంత్రం. రెండవది బిళ్ల, టిఫినుకు అరగంట ముందు. ఇటుకలు తీయమని మాత్రం చెప్పలేదు. అవి ఇప్పటికీ మంచం కిందనే ఉన్నాయి.